గుర్తుకొచ్చినంత మాత్రాన తెలిసినట్టేనా?

ఏడాదిన్నర పిల్లవాడికి పొద్దున్నుంచి నీళ్ల విరేచనాలు. ఇంట్లో ఏం చేయాలి? ఎవరిని అడిగినా జవాబు వెంటనే వస్తుంది: ఓఆర్‌ఎస్ పట్టించాలి. పట్నంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లూ, పల్లెలో ఆశా కార్యకర్త మాట విన్న తల్లులూ అందరూ అదే చెబుతారు. జవాబు సరైనదే. ఇప్పుడు ఇంకో ప్రశ్న వేసి చూడండి. ఆ ప్యాకెట్‌ను ఎన్ని నీళ్లలో కలపాలి? ఇక్కడ గొంతు తగ్గుతుంది. ‘గ్లాసుడు నీళ్లలో’ అంటారు ఒకరు. ‘దాని మీదే రాసుంటుందిగా’ అంటారు మరొకరు. కలిపిన నీళ్లను ఎంతసేపు ఉంచవచ్చు, విరేచనం అయిన ప్రతిసారీ ఎంత పట్టాలి, పిల్లవాడు వాంతి చేసుకుంటే ఆపేయాలా? ఇలా అడుగుతూ పోతే మాటలు కరవవుతాయి.

జవాబులు ఇవీ. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు తాగునీటిలో కలపాలి. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉంటాయి కాబట్టి మీద రాసిన కొలత ముందు చూసుకోవాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి అయితే మానేయకూడదు, పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లమెల్లగా మళ్లీ మొదలుపెట్టాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు జింకు కూడా ఇవ్వాలి. లీటరు ప్యాకెట్‌ను ఒక గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు మోతాదు దాదాపు ఐదింతలవుతుంది. మేలు చేయాల్సిన మందే అప్పుడు కీడు చేస్తుంది.

ఇందులో రహస్యం ఏమీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే చెబుతారు, ప్యాకెట్ మీదా ఉంటుంది. మరి ఇంతమందికి ఎందుకు తెలియలేదు? అడగాలని అనిపించలేదు. ఎందుకు అనిపించలేదంటే, పేరు చటుక్కున గుర్తుకొచ్చింది. పేరు గుర్తుకు రాగానే ‘ఇది నాకు తెలుసు’ అన్న ధీమా కలిగింది. ఆ ధీమా దగ్గరే వెతుకులాట ఆగిపోయింది. మనం దేని గురించి అడుగుతాం, దేన్ని అడగకుండా వదిలేస్తాం అన్నది తేలేది సరిగ్గా ఆ క్షణంలోనే. అందుకే ఈ అధ్యాయమంతా ఆ క్షణం గురించే.

ధీమా ఎక్కడి నుంచి వస్తుంది

ఒక విషయం మనకు ఎంత తెలుసో కొలిచి చెప్పే సాధనమేదీ మనసులో విడిగా లేదు. తలచుకోగానే ఎంత త్వరగా, ఎంత ధారాళంగా ఏదో ఒకటి వస్తుందో చూసుకుని, దాన్నిబట్టి అంచనా వేసుకుంటాం. ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆషర్ కొరియట్ దీని మీద చేసిన పరిశోధన 1993లో వెలువడింది. ఆయన కొందరికి అర్థంపర్థం లేని అక్షరాల వరుసలు చూపించి, తర్వాత గుర్తు చేసుకోమన్నారు. ఎన్ని ఎక్కువ అక్షరాలు మనసుకు తడితే, ‘అది నాకు తెలుసు’ అన్న నమ్మకం అంత పెరిగింది. తట్టినవి సరైన అక్షరాలా, తప్పు అక్షరాలా అన్నదానితో ఆ నమ్మకానికి పెద్దగా నిమిత్తం లేకపోయింది. ఈ ఒక్క సంగతి మీద కాసేపు ఆగి ఆలోచించమని పాఠకులను కోరతాను. తప్పు విషయం కూడా ధారాళంగా వస్తే చాలు, మనకు తెలిసినట్టే అనిపిస్తుందన్నమాట.

పాము కాటునే తీసుకోండి. ప్రథమ చికిత్స ఏమిటని అడిగితే కళ్ల ముందు ఒక సినిమా దృశ్యం కదులుతుంది. కాటు పైన గుడ్డతో బిగించి కట్టడం, కత్తితో గాటు పెట్టడం, నోటితో విషం పీల్చి ఉమ్మేయడం. చిన్నప్పటి నుంచి చూసింది కాబట్టి ఎక్కడా తడుముకోకుండా వస్తుంది. అందులో ఏ ఒక్కటీ చేయకూడదు. పాము కరిచిన మనిషిని నడిపించకుండా, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, వీలైనంత త్వరగా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. సినిమాలో రెండు కోరల గాట్లు స్పష్టంగా కనిపిస్తాయి. కట్లపాము రాత్రిపూట నిద్రలో ఉన్న మనిషిని కరిస్తే నొప్పీ పెద్దగా ఉండకపోవచ్చు, గుర్తూ కనిపించకపోవచ్చు. గాట్లు లేవు కదా అని తెల్లారే వరకు ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. సినిమా దృశ్యం అంత తేలిగ్గా కళ్ల ముందుకు రాకపోతే, బహుశా కాటు పడిన మనిషి ఇంటివాళ్లు 108కు ఫోన్ చేసి అడిగి ఉండేవాళ్లు.

తేలిగ్గా మనసుకు తట్టేదాన్ని బట్టి తీర్పు చెప్పే ఈ అలవాటును ఏమోస్ ట్వర్‌స్కీ, డానియల్ కానమన్ 1973లోనే చర్చకు పెట్టారు. ఇంగ్లిషులో ‘కె’ అక్షరంతో మొదలయ్యే మాటలు ఎక్కువా, మూడో అక్షరంగా ‘కె’ ఉండే మాటలు ఎక్కువా అని వాళ్లు అడిగారు. ఎక్కువమంది మొదటిదే అన్నారు. మొదటి అక్షరాన్ని పట్టుకుని మాటలు తీయడం సులువు, మూడో అక్షరాన్ని పట్టుకుని తీయడం కష్టం. అంతే తప్ప ఆ జవాబుకు మరో ఆధారం లేదు, పైగా అది తప్పు.

ఆరు చెప్పినవాళ్లు, పన్నెండు చెప్పినవాళ్లు

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన ప్రయోగం నోర్బర్ట్ ష్వార్జ్, ఆయన సహచరులు జర్మనీలో చేసి 1991లో ప్రచురించింది. మాట మీద గట్టిగా నిలబడి నెగ్గుకొచ్చిన సందర్భాలు మీ జీవితం నుంచి ఆరు రాయండి అని కొందరికి చెప్పారు. మరికొందరిని పన్నెండు రాయమన్నారు. తర్వాత, మీరు ఎంత గట్టి మనుషులో మీరే చెప్పండి అని అందరినీ అడిగారు. పన్నెండు రాసినవాళ్ల చేతిలో సాక్ష్యం రెండింతలు ఉంది. కాబట్టి వాళ్లే తమను తాము గట్టివాళ్లమని అనుకోవాలి. జరిగింది తలకిందులు. ఆరు రాసినవాళ్లే తమను ఎక్కువ గట్టివాళ్లుగా చెప్పుకున్నారు. ఆరు సందర్భాలు ఇట్టే వచ్చాయి. ఎనిమిది, తొమ్మిది దాటాక తంటాలు పడాల్సి వచ్చింది. ఇంత కష్టంగా వస్తున్నాయంటే నేను అలాంటి మనిషిని కాదేమో అని వాళ్ల మనసు తేల్చేసింది. రాసిన సంఖ్యను మనసు లెక్కలోకే తీసుకోలేదు, పడ్డ కష్టాన్నే తీసుకుంది.

1998లో పియోటర్ వింకీల్‌మన్, ష్వార్జ్, రాబర్ట్ బెలీ ఇదే పద్ధతిని జ్ఞాపకశక్తికి వర్తింపజేశారు. చిన్ననాటి సంఘటనలు నాలుగు చెప్పమంటే చెప్పినవాళ్లు తమ చిన్నతనం బాగానే గుర్తుందన్నారు. పన్నెండు చెప్పమంటే చెప్పినవాళ్లు, మూడింతలు ఎక్కువ గుర్తు చేసుకుని కూడా, నా జ్ఞాపకం అంత మంచిది కాదనే వైపు మొగ్గారు.

ఈ రెండు ప్రయోగాలూ మన చుట్టూ రోజూ జరుగుతూనే ఉన్నాయి. పదిహేనేళ్లు ఒకే పని నమ్మకంగా చేసిన మనిషి ఇంటర్వ్యూకు వెళుతుంది. ‘మీరు సాధించినవి చెప్పండి’ అని అడిగితే రెండు చెప్పి ఆగిపోతుంది. ఇంకా ఇంకా అని వాళ్లు తవ్వుతుంటే, నిజంగా నేను చేసింది ఏమీ లేదేమో అన్న అనుమానం ఆమెకే మొదలవుతుంది. చేసిన పని ఎక్కడికీ పోలేదు. ఆ క్షణంలో గుర్తుకు రాలేదు, అంతే. అదే గదిలో ఆమె పక్కన కూర్చున్న కుర్రవాడు నిన్నగాక మొన్న చేసిన ఒక్క ప్రాజెక్టును గడగడా చెప్పి, తనకు చాలా వచ్చని తానూ నమ్ముతాడు, ఎదుటివాళ్లనూ నమ్మిస్తాడు. ఈ పుస్తకం చదువుతున్నవాళ్లలో మొదటి రకం మనుషులు చాలామంది ఉంటారని నా నమ్మకం. వాళ్లకు ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: మీ సామర్థ్యాన్ని ఇంటర్వ్యూ కుర్చీలో కూర్చుని కొలుచుకోకండి. ఇంట్లో, తీరికగా, పాత డైరీలూ మెయిళ్లూ ముందు పెట్టుకుని మీరు చేసిన పనులన్నీ కాగితం మీద రాయండి. అందులోంచి మూడు ఎంచుకోండి. ఆ మూడింటినీ ఎవరు ఎప్పుడు అడిగినా చెప్పగలిగేలా నాలుగైదుసార్లు పైకి చెప్పుకోండి. అడిగిన చోట అవి తేలిగ్గా వస్తే, మీ మీద మీకున్న నమ్మకం మీ పని స్థాయికి చేరుతుంది.

ఎక్కడ ఆపేస్తాం

తెలుసన్న భావన ఒక అభిప్రాయంగా మిగిలిపోతే పెద్ద నష్టం లేదు. తర్వాత ఏం చదవాలి, ఎవరిని అడగాలి అన్నది కూడా అదే నిర్ణయిస్తుంది, అసలు నష్టం అక్కడుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో జానెట్ మెట్‌కాఫ్, బ్రిజిడ్ ఫిన్ 2008లో చూపించింది ఇదే. వాళ్లు విద్యార్థులకు జంట పదాలను రెండు రకాలుగా నేర్పారు. రెండు రకాల పదాలనూ నిజంగా నేర్చుకున్న మేర ఇంచుమించు సమానం. ‘వచ్చేసింది’ అన్న భావన మాత్రం ఒక రకానికి ఎక్కువ కలిగేలా ఏర్పాటు చేశారు. మళ్లీ వేటిని చదువుతారని అడిగితే, విద్యార్థులు తమ భావననే నమ్ముకుని వచ్చేశాయనిపించిన పదాలను పక్కన పెట్టారు.

కుతూహలం కూడా అంతే. 2005లో జోర్డన్ లిట్‌మన్, ఆయన సహచరులు సాధారణ విజ్ఞాన ప్రశ్నలతో చేసిన అధ్యయనంలో, జవాబు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయినవాళ్లకే దాన్ని తెలుసుకోవాలన్న తహతహ అందరికంటే ఎక్కువగా కనిపించింది. ‘నాకు తెలుసు’ అన్నవాళ్లకు ఆ తహతహ లేదు. వాళ్లకు తెలిసింది తప్పయినా సరే, సరిచూసుకోవాలని అనిపించదు కదా. అందువల్ల సగం తెలిసి సగం తెలియని ఇబ్బందిని తప్పించుకోవాల్సిన అవసరం లేదు. మనల్ని వెతికించేది అదే.

పేరు గుర్తుకు రావడం వెతుకులాటను ఎలా చంపేస్తుందో చూడాలంటే మందుల దుకాణానికి వెళ్లాలి. ఓఆర్‌ఎస్ అసలు సూత్రం చాలా కచ్చితమైనది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడినప్పుడు, సెలైన్ సరిపోక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి ఎందరినో బతికించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెప్పే సూత్రం ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వీటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉండాలి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కానీ మన దుకాణాల్లో ఏళ్ల తరబడి, పేరులో ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పెట్టుకుని, ఆ సూత్రానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పండ్ల రుచి పానీయాలు అమ్ముడయ్యాయి. డబ్బా మీద ఇది ఓఆర్‌ఎస్ సూత్రం కాదని చిన్న అక్షరాల్లో రాసి ఉండేది. దాన్ని ఎంతమంది చదివి ఉంటారు? తల్లికి గుర్తున్న పేరూ, డబ్బా మీది పేరూ కలిసిపోయాయి, ఆమె చెయ్యి ఆ డబ్బా మీదికి వెళ్లింది. చదవాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు. ఇందులో ఆ తల్లి తప్పేమీ లేదు. ఆమె మనసు అందరి మనసులాగే పనిచేసింది. ఆ పేరును అలా వాడుకోనివ్వడమే తప్పు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల పాటు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పాత అనుమతులను వెనక్కి తీసుకుని, సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఆ వైద్యురాలి పట్టుదలకు మనమంతా రుణపడి ఉన్నాం.

పుస్తకం తెరిస్తే వస్తుంది, మూస్తే రాదు

ఇక మన పిల్లల చదువు. ఇంటర్ పిల్లవాడు పరీక్ష రాసి వచ్చి అనే మొదటి మాట తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిందే: ‘అమ్మా, అంతా చదివానే, అక్కడ గుర్తుకు రాలేదు.’ అతను అబద్ధమాడడం లేదు. భౌతికశాస్త్రంలో ప్రక్షేపకం నడిచే దారి పరావలయమని నిరూపించే లెక్కను అతను పది పదిహేనుసార్లు చూసి ఉంటాడు. పుస్తకం తెరవగానే ప్రతి వరుసా తెలిసిన మొహంలా పలకరిస్తుంది. అడ్డంగా పోయిన దూరానికి ఒక సమీకరణం, పైకి లేచిన ఎత్తుకు ఒక సమీకరణం, చివర పరావలయ సమీకరణం. కళ్లు సాఫీగా దిగిపోతాయి, వచ్చేసిందని పేజీ తిప్పేస్తాడు. పరీక్షలో మొదటి రెండు సమీకరణాలూ రాస్తాడు, చివరిదీ రాస్తాడు. మధ్యలో మొదటి సమీకరణం నుంచి కాలం విలువ తీసి రెండోదానిలో పెట్టాలి, దాంతో కాలం మాయమై దూరానికీ ఎత్తుకూ మధ్య సంబంధం మిగులుతుంది. ఆ ఒక్క అడుగు అతని చేతికి రాదు. చదివినప్పుడు ఆ అడుగును పుస్తకమే అతని తరఫున వేసింది మరి.

అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాన్ని ప్రతి కళాశాల గోడకూ అంటించాలని నా కోరిక. ఒక గుంపు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివిన గుంపుదే పైచేయి: 83 శాతం గుర్తుంది, రాసిన గుంపుకు 71 శాతం. వారం తర్వాత అంతా తారుమారైంది. చదివిన గుంపుకు 40 శాతం మిగిలింది, రాసిన గుంపుకు 61 శాతం. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని మొదట్లో అడిగినప్పుడు ఎక్కువ ధీమాగా ఉన్నది మళ్లీ మళ్లీ చదివిన గుంపే.

మన పాతకాలపు చదువులో పిల్లలు సాయంత్రం ఎక్కాలూ పద్యాలూ అప్పజెప్పాలి. అప్పజెప్పనిదే అన్నం పెట్టని నాయనమ్మలు ఉండేవాళ్లు. ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు, అర్థం తెలియకుండా బట్టీ పట్టించడం అందులో ఉంది. కానీ పుస్తకం మూసి చెప్పించడం అన్న ఒక్క గుణం బంగారం లాంటిది. ఇప్పుడు పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, పిల్లల కళ్లు పుస్తకం మీద ఉన్నాయా లేదా అన్నది మాత్రమే చూస్తున్న పద్ధతిని నేను ఒప్పుకోను. ఆ గంటల్లో సగం తగ్గించి, మిగిలిన సగంలో తెల్ల కాగితం ఇచ్చి పుస్తకం మూయిస్తే పిల్లలకు నిద్రా మిగులుతుంది, చదువూ మిగులుతుంది. తల్లిదండ్రులు ‘చదివావా?’ అని అడగడం మాని ‘ఏదీ, నాకు చెప్పు’ అని అడగాలి. ఆ సబ్జెక్టు తల్లికి రానవసరం లేదు. పిల్లవాడు ఎక్కడ నీళ్లు నమిలాడో ఎదురుగా కూర్చున్న ఎవరికైనా తెలిసిపోతుంది.

చేతిలో ఫోన్ ఉన్నప్పుడు

ఫోన్ ఈ చిక్కును ఇంకో మెట్టు పైకి ఎక్కించింది. 2015లో యేల్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ ఫిషర్, మేరియల్ గొడ్డు, ఫ్రాంక్ కీల్ కొందరిని ఇంటర్నెట్‌లో వెతికి జవాబులు తెలుసుకోమన్నారు, మరికొందరిని వెతకకుండా ఉంచారు. ఆ తర్వాత సంబంధం లేని వేరే విషయాలు మీరు ఎంత బాగా వివరించగలరని అడిగారు. మేఘాలు కమ్మిన రాత్రులు ఎందుకు వెచ్చగా ఉంటాయి లాంటివి. అంతకుముందు ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లు తమకు ఎక్కువ తెలుసని చెప్పుకున్నారు. ఫోన్‌లో ఉన్నది తమ తలలో ఉన్నట్టే వాళ్లకు తోచింది.

వెతకడం మానమని నేను చెప్పను, ఈ అధ్యాయం ఉద్దేశమే మిమ్మల్ని ఎక్కువ వెతికించడం. వెతికే ముందు అర నిమిషం ఆగి, నాకు ఇప్పటికి తెలిసిందేమిటో రెండు ముక్కల్లో రాసుకోండి. వెతికాక ఫోన్ బోర్లించి, కొత్తగా తెలిసింది ఏమిటో మీ మాటల్లో చెప్పుకోండి. ఈ రెండూ చేస్తే తలలో ఉన్నదేదో, ఫోన్‌లో ఉన్నదేదో విడివిడిగా కనిపిస్తాయి.

మెలిపెట్టి అడిగే పద్ధతి

యేల్‌లోనే లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో జిప్పు, తాళం, ఫ్లష్ లాంటి రోజువారీ వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంత తెలుసని అడిగారు. అందరూ బాగానే తెలుసన్నారు. సరే, ఒక్కో అడుగూ వరుసగా రాయండి అన్నారు. రాయడం మొదలుపెట్టాక వాళ్లంతట వాళ్లే తమ అంచనా తగ్గించుకున్నారు. ఎవరూ తప్పు పట్టలేదు, ఎవరూ పాఠం చెప్పలేదు. వివరించబోవడమే మందైంది.

దీన్నుంచి మనం ఇంట్లో వాడుకోదగ్గ ప్రశ్నలు మూడు తయారవుతాయి: ఎంత? ఎప్పుడు? ఆ తర్వాత ఏమిటి? పేరు చెప్పగలిగిన ప్రతిచోటా ఈ మూడూ వేసి చూడండి. ఇన్సులిన్ తీసుకునే తండ్రికీ కూతురికీ మధ్య మాట ఇలా నడుస్తుంది.

‘నాన్నా, షుగర్ పడిపోతే ఏం చేస్తావు?’

‘చాక్లెట్ వేసుకుంటాను. నాకు తెలియదటమ్మా, ఇరవై ఏళ్ల నుంచి ఉన్న జబ్బు!’

‘ఎంతకి పడితే వేసుకోవాలి? వేసుకున్నాక ఎంతసేపటికి మళ్లీ చూసుకోవాలి?’

తండ్రి దగ్గర జవాబు ఉండదు. 70 కంటే కిందికి పడితే సుమారు 15 గ్రాముల గ్లూకోజ్ లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష చేసుకోవాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి. చాక్లెట్‌లో ఉండే కొవ్వు వల్ల చక్కెర ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది, అందుకే ఆ సమయానికి అది సరైనది కాదు. ఇరవై ఏళ్లుగా జబ్బు గురించిన మాటలు ఆ ఇంట్లో వినబడుతూనే ఉన్నాయి. వినీ వినీ కలిగిన చనువే ఆయనను డాక్టరుని అడగనివ్వలేదు. పెద్దవాళ్లను ఇలా అడిగేటప్పుడు నిలదీసినట్టు ఉండకూడదు. ‘నాకు నేర్పించు నాన్నా, నువ్వు లేనప్పుడు అమ్మకు నేను చెప్పాలిగా’ అంటే ఆయనే కాగితం తీస్తారు.

ఫోన్ మోసాల సంగతీ ఇంతే. జాగ్రత్తల గురించి విని విని చెవులు దిబ్బళ్లు పడ్డాయి, కాబట్టి అందరికీ తెలుసనిపిస్తుంది. డబ్బు పోయిన మొదటి గంటలో ఏ నంబరుకు ఫోన్ చేయాలి? 1930. మనకు డబ్బు రావాలంటే యూపీఐ పిన్ నొక్కాలా? అక్కర్లేదు, పిన్ అడిగారంటే మన డబ్బే పోతోంది. ఈ రెండూ మీ అమ్మానాన్నలు తడుముకోకుండా చెబితే వాళ్లకు తెలిసినట్టు.

పనిలో చేయి తిరిగినవాళ్లకు ఇంకో పద్ధతి కావాలి. వాళ్లకు నిజంగానే తెలుసు, కానీ గుర్తుకు రావడం మీద ఆధారపడితే ఒకనాడు ఏదో ఒకటి జారిపోతుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ కొత్త బాంబర్ విమానం గాల్లోకి లేచిన కాసేపటికే కూలింది. నడిపినవారు ఎంతో అనుభవమున్న మేజర్ ప్లోయర్ హిల్. ఆ ప్రమాదంలో ఆయనతోపాటు బోయింగ్ పైలట్ లెస్లీ టవర్ ప్రాణాలు కోల్పోయారు. విమానం నేల మీద ఉన్నప్పుడు దాని దిశను మార్చే కదిలే భాగాలు గాలికి ఊగకుండా వేసే లాకును తీయడం మరచిపోయారు. ఆ తర్వాతే పైలట్లకు బయలుదేరే ముందు చదివి సరిచూసుకునే చెక్‌లిస్టులు వచ్చాయి. తెలియనివాళ్ల కోసం కాదు, బాగా తెలిసినవాళ్ల కోసమే వాటిని తయారు చేశారు. ఆపరేషన్ గదిలో నర్సుకూ, స్తంభం ఎక్కే లైన్‌మన్‌కూ, ఆఖరి రోజు రిటర్నులు వేసే అకౌంటెంటుకూ అలాంటి కాగితం ఒకటి ఉండి తీరాలి. ‘ఇన్నేళ్ల అనుభవం ఉన్న నాకు చీటీ ఎందుకు’ అనుకునేవాళ్లకు మరీ ముఖ్యంగా.

డబ్బూ ఆరోగ్యమూ పిల్లల భవిష్యత్తూ ముడిపడిన విషయమైతే, నిర్ణయానికి ముందు ఇంకొకటి అడగండి: ఇది నాకు ఇంత తేలిగ్గా ఎందుకు గుర్తుకొస్తోంది? నిన్న టీవీలో చూసినందుకా, పక్కింటి వాళ్లకు జరిగినందుకా, ప్రకటన వందసార్లు విన్నందుకా, లేక నేను కూర్చుని చదివి, చేసి చూసినందుకా? చివరి కారణం తప్ప మిగతావేవీ నమ్మదగ్గవి కావు. ఆ మిగతా కారణాల్లో ఏదైనా అయితే తెలిసినవాళ్లను అడగాలి. అడగడానికి మొహమాటం వద్దు. డాక్టరు ముందు, బ్యాంకు మేనేజరు ముందు, వ్యవసాయ అధికారి ముందు ‘నాకు సగమే తెలుసు, మిగతాది చెప్పండి’ అనడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఇంతవరకూ చదివారు కాబట్టి ఈ అధ్యాయం కూడా మీకు వచ్చేసినట్టే అనిపిస్తూ ఉండవచ్చు. తర్వాతి అధ్యాయానికి వెళ్లే ముందు పుస్తకం మూసి, ఒక తెల్ల కాగితం తీసుకుని, ఇందులో మీకు పనికొచ్చేవి నాలుగు రాయండి. వారం తర్వాత కొత్త కాగితం మీద మళ్లీ రాయండి. రెండోసారి రానివేవో అవి మాత్రమే వెనక్కి తిప్పి చదువుకోండి.